తెలుగుదేశం వంశవృక్షంలో 1995ను ఎక్కడ గీయాలి? చీలికలు, విలీనాలపై చర్చ

గోడపటం
సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం తెలుగు రాష్ట్రాల ప్రాంతీయ పార్టీల వంశవృక్షాన్ని ఒక పెద్ద గోడపటంగా గీసే పని నెత్తిన వేసుకున్నాను. తెలుగుదేశం పార్టీతో మొదలుపెట్టాను. 1982 మార్చి 29న మొదలైన కాండం 1983, 1984 వరకూ బాగానే వచ్చింది కానీ 1995 దగ్గర కలం ఆగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో విడిపోయిన రెండు పాయల్లో ఏది కాండమో ఏది కొమ్మో నాకు తేలడం లేదు. అధ్యక్షుడూ వ్యవస్థాపకుడూ అయిన ఎన్టీఆర్ ఒక వైపున ఉండగా, శాసనసభ్యుల్లో అత్యధికులు చంద్రబాబుతో మరో వైపున ఉన్నారు. పేరూ గుర్తూ చివరికి రెండో వైపుకే దక్కాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016లో తెలంగాణ శాసనసభలోనూ, 2019లో రాజ్యసభలోనూ తెలుగుదేశం సభ్యులు వేరే పార్టీల్లో చేరడాన్ని అధికార పత్రాలు విలీనాలనే అంటున్నాయి. అయినా ఆ రెండుసార్లూ పార్టీ ఎక్కడికీ పోలేదు. పోని పార్టీని పటంలో పోయినట్టు ఎలా చూపించాలి? పాఠకుడు ఒక్క చూపులో గ్రహించగలిగేలా ఉండాలి, అలాగని తప్పు కూడా కాకూడదు. పెద్దల సలహా కోరుతున్నాను.

పాత పేపర్ల పెట్టె
గోడపటం గారూ, 1995కు వెళ్లే ముందు 1984 దగ్గర కొంచెం ఆగడం మంచిది, ఎందుకంటే పదకొండేళ్ల తరువాత జరిగినదానికి కొలతబద్ద అక్కడే ఉంది.

1983 జనవరిలో 294 స్థానాలున్న శాసనసభలో రెండు వందలకు పైగా గెలిచి, పుట్టిన తొమ్మిది నెలలకే తెలుగుదేశం అధికారంలోకి వచ్చింది. మరుసటి ఏడు ఎన్టీఆర్ గుండె శస్త్రచికిత్స కోసం అమెరికా వెళ్లి తిరిగివచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయనను పదవి నుంచి తొలగించి, ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. బల నిరూపణకు నెల రోజుల గడువు ఇచ్చారు. ఆ నెల రోజులే మన రాజకీయాల్లో క్యాంపు అనే మాటకు ఈనాటి అర్థాన్ని తెచ్చిపెట్టాయని నా అభిప్రాయం. ఎన్టీఆర్ వైపు శాసనసభ్యులను మొదట హైదరాబాదులోని రామకృష్ణా స్టూడియోలో, ఆ తరువాత రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకలో కలిసికట్టుగా ఉంచారు. మధ్యలో వారందరినీ ఢిల్లీకి తీసుకువెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట లెక్కించి చూపారు. చక్రాల కుర్చీలో వచ్చిన ఎన్టీఆర్ ఫొటో దేశంలోని పత్రికలన్నిటిలో పడింది. రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు.

అంటే 1984లో చీలిన ముక్కకు ముఖ్యమంత్రి పదవి దక్కింది, గవర్నర్ అండ దక్కింది, కాంగ్రెస్ మద్దతు దక్కింది. దక్కనిది సంఖ్య ఒక్కటే. అందువల్ల దాన్ని పటంలో చిన్న కొమ్మగా గీసి, కొద్ది దూరంలోనే ఆ కొమ్మ కాంగ్రెస్‌లో కలిసినట్టు చూపితే తప్పులేదు. భాస్కరరావు గారు ఆ తరువాత కాంగ్రెస్ అభ్యర్థిగా 1998లో ఖమ్మం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

కొత్తగా వచ్చాను
పెద్దలకు ఒక సందేహం. నాదెండ్ల వెంట వెళ్లిన వారి సభ్యత్వాలు ఫిరాయింపుల చట్టం కింద రద్దు కాలేదా? మూడో వంతు మంది ఉంటే చీలికగా గుర్తించేవారని ఎక్కడో చదివాను.

పదో షెడ్యూలు
అప్పటికి ఆ చట్టమే లేదండీ. రాజ్యాంగ 52వ సవరణ వచ్చింది 1985లో, ఆ ఏడాది మార్చి 1 నుంచి అమలైంది. 1984 ఆగస్టులో ఏ సభ్యుడు ఏ వైపుకు వెళ్లినా అతని సీటుకు ముప్పు లేదు. హైదరాబాదులో జరిగినది కూడా ఆ సవరణకు దారితీసిన వాతావరణంలో భాగమే కాబట్టి, ఫలితం వచ్చాక పుట్టిన నిబంధనతో దాన్ని తూకం వేయకూడదు.

మీరు చదివిన మూడో వంతు నిబంధన, ఆ సవరణ రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూలు మూడో పేరాలో ఉండేది. 2003లో వచ్చిన 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలినది నాలుగో పేరా ఒక్కటే, అంటే మూడింట రెండు వంతుల మందితో విలీనం. గోడపటం గారు పటం మీద మూడు రంగులు వాడితే పిల్లలకు ఉపయోగపడుతుంది. 1985కు ముందు ఒక రంగు, 1985 నుంచి 2003 వరకూ ఒక రంగు, ఆ తరువాత ఒక రంగు. ఎందుకంటే ఒకే పనికి మూడు కాలాల్లో మూడు పేర్లు. నలుగురు సభ్యులు వెళ్లిపోవడం మొదటి కాలంలో రాజకీయం, రెండో కాలంలో సభ్యుల సంఖ్యను బట్టి చీలికో ఫిరాయింపో, మూడో కాలంలో ఫిరాయింపో విలీనమో అవుతుంది.

ఓరుగల్లు వాసి
చర్చ బాగుంది కానీ ప్రాంతీయ పార్టీల కథ 1982లో మొదలైనట్టు మాట్లాడుకోవడం నాకు ఎప్పుడూ కొంచెం కష్టంగానే ఉంటుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం పుట్టిన తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ గాలిలో, అంటే దేశమంతా ఇందిరా గాంధీ ప్రభంజనం వీస్తున్న ఏడాదిలో గెలిచింది. ఆ సెప్టెంబరులోనే మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, పి.వి. నరసింహారావు వచ్చారు. గెలిచిన పది సీట్లకు దక్కినది ముఖ్యమంత్రి మార్పు, రాష్ట్రం మాత్రం రాలేదు. విలీనం అన్న మాట వింటే మా వైపు పాతతరం వారి ముఖం ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే ఆ గీతను కూడా పటంలో గీయాలి. 2014 మార్చిలో టీఆర్ఎస్ కాంగ్రెస్‌లో విలీనం కావడం లేదని కేసీఆర్ ప్రకటించినప్పుడు మా నాన్నగారు మొదట తలచుకున్నది 1971నే.

ఇంకా వెనక్కి వెళితే ప్రకాశం గారి ప్రజా పార్టీ, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ ఉన్నాయి. 1951లో కాంగ్రెస్‌ను వీడి, 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు ఎదురుగా కాంగ్రెస్‌తో కలిసి నిలబడ్డ కథ అది. దాన్ని వేరే పటానికి వదిలేయండి.

కృష్ణలంక పెద్దాయన
1995 విషయానికి వద్దాం. దీన్ని చీలిక అని కూడా అనకూడదని నేను అంటాను. చీలిక అంటే ఇరుపక్షాలూ ఒక స్థాయిలో ఉండాలి. ఇక్కడ జరిగినది వెన్నుపోటు, అంతే. పార్టీని పెట్టిన వ్యక్తి, తొమ్మిది నెలల ముందు 216 స్థానాలు గెలిపించి తెచ్చిన వ్యక్తి, టెక్కలిలోనూ హిందూపురంలోనూ రెండు చోట్లా గెలిచిన వ్యక్తి, ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్ బయట నిలబడి తన శాసనసభ్యులను పిలవవలసి వచ్చింది. ఎవరి ముఖం చూసి జనం ఓటు వేశారో ఆ ముఖం ఉన్న వైపే కాండం. గుర్తు పోయినంత మాత్రాన తండ్రి దత్తపుత్రుడు కాడు. నేను 1982 నుంచి సభ్యత్వం ఉన్నవాణ్ణి, ఆ నెలలోనే దాన్ని వదులుకున్నవాణ్ణి. అందుకే మాట కొంచెం కటువుగా వస్తే మన్నించండి.

సర్కారు జిల్లా
పెద్దాయన గారి బాధను గౌరవిస్తూనే ఒప్పుకోలేకపోతున్నాను. ముఖం చూసి వేసిన ఓటుతో గెలిచిన సభ్యుడు ఆ తరువాత అయిదేళ్లూ ఆ ముఖానికి బందీ అనుకుంటే శాసనసభాపక్షం అన్నదానికి అర్థమే లేదు. ఎన్టీఆర్ నాయకత్వంపై సభ్యులకు విశ్వాసం పోయింది. ఆయన భార్య లక్ష్మీపార్వతి గారి ప్రమేయం పట్ల పార్టీలో అసంతృప్తి ఉందన్నది ఆనాటి పత్రికల్లో రోజూ వచ్చిన విషయం. ఆయన అల్లుళ్లు చంద్రబాబు, దగ్గుబాటి వెంకటేశ్వరరావు, కుమారుడు హరికృష్ణ కూడా ఒకే వైపున నిలిచారు. శాసనసభను రద్దు చేయాలని ఎన్టీఆర్ సిఫారసు చేస్తే గవర్నర్ కృష్ణకాంత్ అంగీకరించలేదు. శాసనసభాపక్షంలో అత్యధికులు మరొక నాయకుణ్ణి ఎన్నుకున్నారు, సెప్టెంబరు 1న ఆయన ప్రమాణం చేశారు. పార్లమెంటరీ పద్ధతిలో దీన్ని నాయకత్వ మార్పు అంటారు. పటంలో కాండం నిటారుగా సాగాలి, పక్కన నాయకుడి పేరు మారాలి, అంతే.

నిర్వాహకుడు
సభ్యులకు మనవి. వెన్నుపోటు, నాయకత్వ మార్పు అన్న రెండు మాటల్లోనూ తీర్పు ఇమిడి ఉంది. ఈ చర్చలో వాటిని ఎవరి అభిప్రాయంగా వారు వాడుకోవచ్చు, పటంపై రాయవలసిన మాటగా మాత్రం ప్రతిపాదించవద్దు. ఆనాటి పత్రికలు ఎక్కువగా వాడిన ఆగస్టు సంక్షోభం అన్న పేరు ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. తమాషా ఏమంటే 1984లో జరిగినదానికి కూడా అదే పేరు, కనుక సంవత్సరం తప్పక జతచేయాలి.

పదో షెడ్యూలు
నిర్వాహకుల మాట సరైనదే. నేను తీర్పు జోలికి పోకుండా లెక్క మాత్రం చెబుతాను.

1985 చట్టం ఫిరాయింపులను ఆపడానికి వచ్చింది, నిజమే. కానీ 1995 నాటికి దాని ఆచరణ ఫలితం ఇంకొకటి. చిన్న తిరుగుబాటు చేసేవాడు సీటు పోగొట్టుకుంటాడు, పెద్ద తిరుగుబాటు చేసేవాడు పోగొట్టుకోడు. కాబట్టి పదిమందితో మొదలుపెట్టి పెంచుకుందామనే నాదెండ్ల పద్ధతి 1995లో పనికిరాదు. మొదటి రోజే మూడో వంతు దాటి ఉండాలి. అంతకంటే మెరుగైన దారి సగం దాటడం. అప్పుడు మనం చీలిపోయినవాళ్లం కాదు, మనమే పార్టీ అని వాదించవచ్చు. అందుకే అందరూ ఒకేచోట, ఒకే హోటల్లో, ఒకేసారి లెక్కకు నిలబడటం అంత కీలకమైంది. సగం దాటిన తరువాత చట్టం మూడో పేరా రక్షణ అవసరమైనది చంద్రబాబు వర్గానికి కాదు, ఎన్టీఆర్ వెంట మిగిలినవారికి. ఈ తలకిందుల స్థితిని పిల్లలకు చెప్పగలిగితే చాలు.

పేరు, గుర్తు ఎవరివన్నది వేరే ప్రశ్న. దాన్ని సభాపతి తేల్చరు, ఎన్నికల సంఘం తేలుస్తుంది, 1968 నాటి గుర్తుల ఉత్తర్వు పదిహేనో పేరా కింద. 1969 కాంగ్రెస్ చీలికపై వచ్చిన సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు 1971లో ఆమోదించిన పద్ధతి ప్రకారం చట్టసభల్లోనూ పార్టీ సంస్థాగత విభాగాల్లోనూ మెజారిటీ ఎటు ఉందో చూస్తారు. వ్యవస్థాపకుడు ఎవరన్నది అందులో కొలమానం కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల నాటికి సైకిలు చంద్రబాబు నాయకత్వంలోని పార్టీదే. కాబట్టి చట్టం ప్రకారం కాండం అదే. పెద్దాయన గారు చెప్పేది చట్టం కొలవని వస్తువు. అది లేదని నేను అనడం లేదు.

మైలాపూరు తెలుగువాడు
చెన్నైలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1987 డిసెంబరులో ఎంజీఆర్ మరణించాక అన్నాడీఎంకే జానకి వర్గం, జయలలిత వర్గంగా చీలినప్పుడు ఎన్నికల సంఘం రెండాకుల గుర్తును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. 1989 శాసనసభ ఎన్నికల్లో జయలలిత కోడిపుంజు గుర్తుపైన, జానకి జంట పావురాల గుర్తుపైన పోటీ చేశారు. జయలలితకు 27 స్థానాలు వచ్చాయి, జానకి వర్గం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వెంటనే రెండూ కలిశాయి, రెండాకులు తిరిగి వచ్చాయి. అక్కడ కాండం ఏదో తేల్చింది ఓటరు.

మీ దగ్గర ఆ తీర్పు అంత శుభ్రంగా రాలేదు. ఎన్టీఆర్ 1996 జనవరి 18న మరణించారు, అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో లక్ష్మీపార్వతి నాయకత్వంలోని ఎన్టీఆర్ తెలుగుదేశం ఒక్క సీటూ గెలవలేదు. కానీ రాష్ట్రంలో పదో వంతుకు పైగా ఓట్లు తెచ్చుకుంది. కాంగ్రెస్ 22, తెలుగుదేశం 16. ఆ పదో వంతు ఎవరి ఓటు అన్న ప్రశ్నకు మీ పటంలో చోటు ఉంటుందా?

కృష్ణలంక పెద్దాయన
ఆ పదో వంతులో నాదొకటి. పాతపట్నం ఉప ఎన్నికలో లక్ష్మీపార్వతి గారు గెలిచినప్పుడు మేము ఇక్కడ మిఠాయిలు కూడా పంచుకున్నాం. 1999 వచ్చేసరికి మా వీధిలో ఆ జెండా కట్టే మనిషి లేడు. ఈ రెండు వాక్యాలూ నిజమే కాబట్టి రెండూ రాశాను.

షెడ్యూలు గారు చెప్పిన లెక్కను కాదనలేను. కాండం మీద పోట్లాట మానేస్తున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. 1995 దగ్గర గీతను నిటారుగా ఏమీ జరగనట్టు గీయవద్దు. కలిపి కట్టిన తాడుకు ముడి కనిపిస్తుంది కదా, ఆ ముడి ఉండాలి.

పెన్నేటి గట్టు
కొమ్మల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు వెళ్లి తిరిగి వచ్చిన కొమ్మలను మరచిపోతున్నాం. వీటినే మన పటాలు ఎప్పుడూ వదిలేస్తాయి.

హరికృష్ణ గారిని తీసుకోండి. 1995లో బావ వైపు నిలిచి, మంత్రిగా పనిచేసి, తండ్రి మరణంతో ఖాళీ అయిన హిందూపురం నుంచి 1996లో గెలిచి, 1999లో విడిపోయి అన్న తెలుగుదేశం పెట్టారు. ఆ ఎన్నికల్లో దానికి ఒక్క స్థానమూ రాలేదు. కొన్నేళ్లకు ఆయన మళ్లీ తెలుగుదేశంలోనే ఉన్నారు, 2008లో రాజ్యసభకు కూడా వెళ్లారు. దేవేందర్ గౌడ్ గారిది ఇంకా చిత్రమైన ప్రయాణం. 2008లో తెలంగాణ అంశంపై బయటికి వచ్చి నవ తెలంగాణ ప్రజా పార్టీ పెట్టారు, 2009 ఎన్నికలకు ముందే దాన్ని ప్రజారాజ్యంలో కలిపారు, ఎన్నికల తరువాత తిరిగి తెలుగుదేశానికి వచ్చారు. ఒక మనిషి రెండు పార్టీల మీదుగా చుట్టు తిరిగి ఇంటికి చేరితే దాన్ని చెట్టుగా గీయలేం, ఏరుగా గీయాలి. ఏరు పాయలుగా చీలి లంకను చుట్టి మళ్లీ కలుస్తుంది. గోదావరి వైపు వారికి నేను చెప్పనక్కరలేదు.

ఆ ప్రజారాజ్యం కూడా ఎంత నిలిచింది? 2008 ఆగస్టులో తిరుపతిలో లక్షల మంది మధ్య పుట్టింది, 2009లో 18 స్థానాలు తెచ్చుకుంది, 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. ఇది మాత్రం నిజమైన విలీనం, ఎందుకంటే అధ్యక్షుడే పార్టీని తీసుకుని వెళ్లారు, వెనక పేరు పట్టుకుని నిలబడ్డవారు ఎవరూ లేరు. ఇష్టంలేని శోభా నాగిరెడ్డి లాంటివారు వేరే పార్టీ చూసుకున్నారు, ఆళ్లగడ్డలో 2012 ఉప ఎన్నికలో వైఎస్ఆర్ కాంగ్రెస్ తరఫున గెలిచారు.

ఓరుగల్లు వాసి
పెన్నేటి గారు నిజమైన విలీనం అన్నారు కాబట్టి ఇక నిజం కాని విలీనం గురించి నేను చెప్పాలి.

2014లో తెలంగాణ శాసనసభకు తెలుగుదేశం తరఫున 15 మంది గెలిచారు. రెండేళ్లు తిరగకుండానే వారిలో 12 మంది ఎర్రబెల్లి దయాకరరావు నాయకత్వంలో టీఆర్ఎస్ వైపు వెళ్లారు. ఒకరి తరువాత ఒకరు వెళ్లినప్పుడు అది ఫిరాయింపు, వారిపై ఫిర్యాదులు సభాపతి ముందు ఉన్నాయి. సంఖ్య మూడింట రెండు వంతులు దాటాక 2016 మార్చిలో సభాపతి మధుసూదనాచారి గారు దాన్ని శాసనసభాపక్ష విలీనంగా గుర్తించారు. విడివిడిగా తప్పు అయినది కలిపి చూస్తే ఒప్పు అయింది. ఈ వాక్యం నేను వ్యంగ్యంగా రాయలేదు, జరిగినది అదే.

మిగిలిన ముగ్గురి సంగతి వినండి. రేవంత్ రెడ్డి 2017లో కాంగ్రెస్‌కు వెళ్లారు, ఇప్పుడు ముఖ్యమంత్రి. సండ్ర వెంకటవీరయ్య 2018లో సత్తుపల్లి నుంచి మళ్లీ తెలుగుదేశం తరఫునే గెలిచారు, అశ్వారావుపేటలో గెలిచిన మెచ్చా నాగేశ్వరరావుతో కలిపి ఆ సభలో పార్టీకి ఇద్దరే. 2021లో ఆ ఇద్దరూ టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఆర్. కృష్ణయ్య గారు 2022లో వైఎస్ఆర్ కాంగ్రెస్ తరఫున రాజ్యసభకు వెళ్లి, ఆ తరువాత బీజేపీ సభ్యుడిగా మళ్లీ ఎన్నికయ్యారు. పదిహేను ఆకులూ రాలిపోయాయి, చెట్టు మాత్రం అధికారికంగా ఎక్కడా కొట్టేయలేదు.

ఇది ఒక్క తెలుగుదేశానికి జరిగిన అన్యాయమని ఎవరైనా అనబోతే, 2014 నుంచి 2019 వరకు అవతలి రాష్ట్రంలో వైఎస్ఆర్ కాంగ్రెస్ 67 మందిలో 23 మంది తెలుగుదేశం వైపు వెళ్లారని, 2017లో వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారని గుర్తుచేస్తాను. 23 మూడింట రెండు వంతులు కాదు కాబట్టి అక్కడ విలీనం అన్న పేరు కూడా పెట్టుకోలేకపోయారు.

సర్కారు జిల్లా
ఆ లెక్క నిజమే. నేను సమర్థించే పార్టీ చేసిన పని కాబట్టి నేనే ఒప్పుకుంటున్నాను. 2019లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు కూడా సరిగ్గా 23 అని ఆ రోజుల్లో మాకు ఎంతమంది గుర్తుచేశారో చెప్పలేను.

పదో షెడ్యూలు
2019 జూన్‌లో రాజ్యసభలో జరిగినది ఇదే తరగతి. తెలుగుదేశానికి అక్కడ ఆరుగురు సభ్యులు. వారిలో సుజనా చౌదరి, సి.ఎం. రమేశ్, టి.జి. వెంకటేశ్, గరికపాటి మోహనరావు నలుగురూ బీజేపీలో విలీనమవుతున్నట్టు లేఖ ఇచ్చారు. ఆరులో నాలుగు సరిగ్గా మూడింట రెండు వంతులు. అదే నెలలో తెలంగాణలో కాంగ్రెస్‌కు కూడా ఇదే లెక్క పట్టింది. 2018లో గెలిచినవారు 19 మంది, అందులో ఉత్తమ్ కుమార్ రెడ్డి లోక్‌సభకు ఎన్నికై రాజీనామా చేస్తే 18 మిగిలారు, ఆ 18లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. ఒక్క రాజీనామా కావలసిన సంఖ్యను 13 నుంచి 12కు తెచ్చింది.

నాలుగో పేరాలో చిక్కు ఎక్కడంటే, మాతృపార్టీ మరో పార్టీలో విలీనమైనప్పుడు సభ్యులకు రక్షణ అని మొదటి ఉపపేరా చెబుతుంది. శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే విలీనం జరిగినట్టు భావించాలని రెండోది చెబుతుంది. బయట పార్టీ విలీనం కాకుండానే లోపల విలీనం జరిగినట్టు భావించవచ్చా? గోవా కాంగ్రెస్ సభ్యుల కేసులో బొంబాయి హైకోర్టు 2022లో భావించవచ్చనే అర్థంలో తీర్పు ఇచ్చింది. మరోవైపు మహారాష్ట్ర శివసేన కేసులో 2023 మే నెలలో సుప్రీంకోర్టు, విప్‌ను నియమించే అధికారం రాజకీయ పార్టీదే గానీ శాసనసభాపక్షానిది కాదని తేల్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాలుగో పేరా భవిష్యత్తుపై నాకు అనుమానమే, అయితే అది పటంలోకి రావలసిన విషయం కాదు.

పటం కోసం నా సూచన. పార్టీకి ఒక గీత, చట్టసభలోని పక్షానికి దాని పక్కనే సన్నని ఇంకో గీత వేయండి. 2016లోనూ 2019లోనూ సన్నని గీత మాత్రమే అవతలికి వెళ్లాలి.

కొత్తగా వచ్చాను
అలా అయితే టీఆర్ఎస్‌ను తెలుగుదేశం కొమ్మగా గీయాలా? కేసీఆర్ గారు అక్కడి నుంచే వచ్చారు కదా.

ఓరుగల్లు వాసి
వద్దు. 2001 ఏప్రిల్‌లో ఆయన ఉపసభాపతి పదవికీ, సిద్ధిపేట సభ్యత్వానికీ, పార్టీకీ రాజీనామా చేసి వచ్చారు. శాసనసభాపక్షంలో ముక్క తెంచుకుని రాలేదు. ఉప ఎన్నికలో కొత్త పార్టీ తరఫున మళ్లీ గెలిచారు. మనిషి వచ్చిన దారికి చుక్కల గీత చాలు, పార్టీకి సొంత వేరు ఉంది. ఆ వేరు నుంచి చూస్తే ఆలె నరేంద్ర తెలంగాణ సాధన సమితి, విజయశాంతి తల్లి తెలంగాణ వచ్చి కలిసిన ఉపనదులు కనిపిస్తాయి. 2022లో పేరు బీఆర్ఎస్‌గా మారింది, అది చీలికా కాదు విలీనమూ కాదు, గీత మీద కొత్త అక్షరాలు రాస్తే సరిపోతుంది.

పాత పేపర్ల పెట్టె
మనుషుల చుక్కల గీతలు మొదలుపెడితే ఒకటి నేనూ అడుగుతాను. 1984లో తెలుగుదేశాన్ని చీల్చిన భాస్కరరావు గారి కుమారుడు మనోహర్ కాంగ్రెస్ తరఫున సభాపతి అయ్యారు, తరువాత జనసేనలో చేరారు. 2024లో ఆ జనసేన తెలుగుదేశంతో పొత్తులో పోటీ చేసింది, ఆయన చంద్రబాబు మంత్రివర్గంలో ఉన్నారు. నలభై ఏళ్లు పట్టింది ఆ గీత చుట్టు తిరిగి రావడానికి.

గోడపటం
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని మళ్లీ గీశాను. చెట్టును వదిలేసి పెన్నేటి గారు చెప్పినట్టు ఏరుగా మార్చాను. 1984 పాయ సన్నగా బయలుదేరి కాంగ్రెస్‌లో కలుస్తుంది. 1995 దగ్గర ప్రధాన ప్రవాహం సాగుతుంది కానీ అక్కడ పెద్దాయన గారు కోరిన ముడి ఉంది, పక్కన ఆగస్టు సంక్షోభం, 1995 అని మాత్రమే రాశాను. ఎన్టీఆర్ తెలుగుదేశం పాయ ఆ ముడి నుంచే మొదలై, దాని వెడల్పు 1996 ఓట్ల నిష్పత్తిలో ఉండి, 1999కి ఇసుకలో ఇంకిపోతుంది. పదో షెడ్యూలు గారి సన్నని గీతలు ఆకుపచ్చ సిరాలో వేశాను.

తెలంగాణ ప్రజా సమితికి ఇదే కాగితంపై చోటు చాలలేదు, రెండో కాగితం అతికిస్తున్నాను. 2021 తరువాత తెలంగాణ శాసనసభ వైపు ఆకుపచ్చ గీత మిగలలేదు, పార్టీ నీలిగీత మాత్రం ఉంది. దాన్ని ఎక్కడి వరకు లాగాలో చెప్పండి.

ఓరుగల్లు వాసి
2023 శాసనసభ ఎన్నికల్లో తెలంగాణలో తెలుగుదేశం పోటీ చేయలేదు. అయినా గీతను ఆపకండి, కాగితం అంచు వరకు లాగి వదిలేయండి. అంచు దగ్గర కొంచెం ఖాళీ ఉంచండి.